‘నువ్వు ఏదైనా సాధించగలవు’ అంటే మా అబ్బాయికి కోపం వస్తోంది

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంకో మూడు నెలల్లో పన్నెండో తరగతి అయిపోతుంది. చదువులో మరీ వెనకబడడు, అలాగని ముందూ ఉండడు. మా పెద్దమ్మాయి మొదటి నుంచీ క్లాసులో ఫస్టు, ఇప్పుడు మెడిసిన్ చదువుతోంది. వీణ్ని తనతో పోల్చకూడదని నేనూ మావారూ గట్టిగా అనుకున్నాం. అందుకే ‘నువ్వు ఏదైనా సాధించగలవు, నీ మీద మాకు నమ్మకముంది’ అని రోజూ చెబుతుంటాను. పొద్దున్నే మంచి మోటివేషన్ వీడియో ఒకటి ఫోన్‌కి పంపిస్తాను. ఏ కోర్సులో చేరతావంటే మాత్రం ‘తెలీదు’ అంటాడు. స్కూల్లో ఏ ఫంక్షనున్నా మైకులు, లైట్లు సర్దే పని నెత్తినేసుకుని రాత్రి దాకా అక్కడే ఉంటాడు. చదువుకునే టైమంతా దానికే పోతోంది. మొన్న మళ్లీ ధైర్యం చెప్పబోతే, ‘నేనేంటో నీకు తెలీదు కాబట్టే అలా అంటున్నావు’ అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పిల్లల్ని ప్రోత్సహించడం కూడా తప్పేనా? వీడ్కోలు సభలో తల్లిదండ్రులు పిల్లల గురించి రెండు మాటలు రాసి చదవాలట. ఏం రాయాలో కూడా తోచడం లేదు.
- ఒక తల్లి

జవాబు: పిల్లల్ని పోల్చకూడదని ముందే అనుకున్నారు చూడండి, అది చాలా ఇళ్లలో జరగదు. ప్రోత్సహించడం తప్పేమీ కాదమ్మా. అయితే మీ అబ్బాయి అన్న మాటను పొగరు కింద జమకట్టకండి. మీ ఉత్తరం మొత్తంలో అంత సూటిగా ఉన్న వాక్యం నాకు మరొకటి కనిపించలేదు.

‘ఏదైనా సాధించగలవు’ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ప్రేమే. అతని చెవికి చేరేది వేరు. తన మార్కులేంటో అతనికి తెలుసు. అక్క సంగతీ తెలుసు. మీరు పోల్చకుండా జాగ్రత్తపడుతున్నారని కూడా తెలిసే ఉంటుంది, పిల్లలు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. ఏదైనా సాధించగలిగినవాడు ఏమీ సాధించకపోతే తప్పెవరిది? పూర్తిగా వాడిదే అవుతుంది కదా. ఆ లెక్క అతను వేసుకుంటున్నాడు. పైగా ఈ మాట ఎవరికైనా చెప్పొచ్చు, పక్కింటి కుర్రాడికి చెప్పినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అందుకే ‘నేనేంటో నీకు తెలీదు’ అన్నాడు.

పొగడ్త మీద క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు 1998లో అచ్చయ్యాయి. ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, బాగా చేశాక కొందరితో నువ్వు తెలివైనవాడివన్నారు, ఇంకొందరితో బాగా కష్టపడ్డావన్నారు. తర్వాత చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. చివరికి మళ్లీ మొదటి రకం పజిల్సే ఇస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు మొదటిసారి చేసినంత కూడా చేయలేకపోయారు. కష్టపడ్డావని విన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. పదేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని మీవాడికి ఉన్నదున్నట్టు అంటగట్టను. ‘కష్టపడ్డావు’ అని రోజూ మంత్రంలా జపించినా అదీ అరిగిపోతుంది. కానీ అందులో మీకు పనికొచ్చేది ఒకటుంది: మనిషి మీద వేసే ముద్ర కన్నా, అతను చేసిన ఫలానా పనిని పట్టుకుని చెప్పిన మాట గడ్డురోజున ఎక్కువ ఆసరా ఇస్తుంది.

మరి మీ అబ్బాయి చేసిన ఫలానా పని ఏది? మీరు ఫిర్యాదుగా రాసిన వాక్యమే ఒకసారి మళ్లీ చదవండి. మైకులు, లైట్లు. ఉత్తరంలో అచ్చంగా అతని గురించి రాసింది అదొక్కటే. నిండుగా ఉన్న హాల్లో మైకు కుయ్యిమంటే ఏం చేయాలో ఆ క్షణంలో తేల్చుకోవాలి. ఏ వైరు ఎటు వెళ్లాలో ముందే చూసుకోవాలి, ఎవరి తర్వాత ఎవరు స్టేజీ ఎక్కుతారో గుర్తుండాలి. అంతా సవ్యంగా జరిగితే చప్పట్లు స్టేజీ మీదివాళ్లకు, తేడా వస్తే చూపులన్నీ ఇతని మీదికి. పేరు రాని అలాంటి పనిని ఎవరూ చెప్పకుండానే రాత్రి దాకా ఉండి చేస్తున్నాడు. పరీక్షల ముందు టైం ఎంత పెట్టాలన్నది మాట్లాడుకోవాల్సిన విషయమే, కాదనను. కానీ ముందు అక్కడ అతనేం చేస్తున్నాడో తెలుసుకుని మాట్లాడండి.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక తొందర పడుతుంటారు. ‘అయితే సౌండ్ ఇంజనీరింగ్ చేయిద్దాం’ అని రేపే కాలేజీలు వెతకడం మొదలుపెడతారు. మీరు ఆ పని చేయకండి. అక్కడ అతనికి నచ్చేది ఎలక్ట్రానిక్స్ కావచ్చు. నలుగురిని కలుపుకుని పని నడిపించడం కావచ్చు. స్టేజీ మీది నాటకం కావచ్చు. లేదంటే, అక్క పేరు వినిపించని ఒక మూల తనకంటూ దొరకడమే కావచ్చు. ఇందులో ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది, ఏది తనదో అతనికే ఇంకా తేలి ఉండదు. అందుకే ఏ కోర్సంటే ‘తెలీదు’ అంటున్నాడు. అది తప్పించుకునే జవాబు కాదు, నిజమే చెబుతున్నాడు.

కాబట్టి వేరే ప్రశ్న అడగండి. ‘మొన్న ఫంక్షన్లో ఏమైనా మొరాయించిందా? ఎలా సరిచేశావు?’ అనండి. ఎదురెదురుగా కూర్చోబెడితే ఇంటర్వ్యూలా ఉంటుంది, ఏదైనా పని చేసుకుంటూనో ఎక్కడికైనా కలిసి వెళ్తూనో కదపండి. అతను చెప్పేది మీకు సగం అర్థం కాకపోయినా పర్లేదు, మధ్యలో నీతి మాత్రం చెప్పొద్దు. మొదటిసారి ముక్తసరిగా ‘ఏం లేదు’ అంటాడు, నొచ్చుకోకండి. కొన్నాళ్లకు, ఏ పనిలో తనకు టైం తెలియదో, దేన్నుంచి తప్పించుకుంటాడో మాటల్లోనే బయటపడుతుంది. అప్పుడు కోర్సుల గురించి ఎత్తితే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. వీడియోలు ఆపేయండి. ఆపేస్తున్నానని ప్రకటించనక్కర్లేదు.

ఇప్పుడు తీసుకునే నిర్ణయంతోనే జీవితమంతా తేలిపోతుందన్న భయం మీ అందరికీ ఉన్నట్టుంది. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 18 నుంచి 68 ఏళ్ల మధ్య వయసున్న 19,000 మందికి పైగా అందులో పాల్గొన్నారు. గడిచిన పదేళ్లలో చాలా మారామని చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఒప్పుకున్నారు. రాబోయే పదేళ్లలో మాత్రం పెద్దగా మారబోమని అన్ని వయసులవాళ్లూ అనుకున్నారు! అలాంటప్పుడు ఇరవై ఏడేళ్ల మనిషికి సరిపోయే దారిని పదిహేడేళ్ల కుర్రాడు ఇప్పుడే తేల్చాలని పట్టుబట్టి ఏం లాభం? రాబోయే ఒకటి రెండేళ్లకు సరిపడే నిర్ణయం చాలు, తర్వాత మారడానికి సందు ఉండేలా చూసుకుంటే సరి.

అలాగని ‘అంతా నీ ఇష్టం’ అని వదిలేయకండి, దానివల్ల టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఫీజుకు ఎంతవరకు పెట్టగలరో, అప్పు చేయాల్సి వస్తుందో లేదో అంకెలతో సహా చెప్పండి. అక్క చదువుకే అంతా అయిపోయిందేమోనని లోపల అనుకుంటున్నాడేమో, ఎవరికి తెలుసు. చేరిన కోర్సు సరిపడకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి: మొదటి ఏడాది అయ్యాక మళ్లీ కూర్చుందాం, మారాల్సి వస్తే ఇన్నేళ్ల దాకా మేం చూసుకుంటాం, ఆ తర్వాత నువ్వూ కొంత సంపాదించాలి, ఇలాగ. ఒక ఏడాది ఆగి ఏదైనా పని నేర్చుకుంటానంటే కంగారుపడకండి. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది చెప్పగలిగితే అదీ చదువే. ఏమీ చెప్పకుండా ఏడాది ఆగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను.

చార్లెస్ డార్విన్ పేరు చెప్పబోతున్నాను. గొప్పవాళ్ల కథలతో పిల్లల్ని అదరగొట్టడం నాకు నచ్చదు, ఇది మీకూ మీవారికీ చెబుతున్న కథ. తండ్రి డాక్టరు, కొడుకునీ 1825లో వైద్యం చదవడానికి పంపారు. ఆపరేషన్లు చూడలేక కుర్రాడు రెండేళ్లకే వదిలేశాడు. పోనీ మతగురువు అవుతాడని ఇంకో చదువులో చేర్చారు. అది పూర్తయ్యాక 1831లో బీగిల్ ఓడలో ప్రపంచయాత్రకు పిలుపొస్తే తండ్రి వద్దన్నారు. కానీ తలుపు పూర్తిగా మూయలేదు. లోకజ్ఞానం ఉన్నవాడు ఎవరైనా వెళ్లమని చెబితే సరేనంటానన్నారు. మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ పూనుకుని, ఆయన అభ్యంతరాలకు ఒక్కొక్కటిగా జవాబు రాసిచ్చారు. తండ్రి ఒప్పుకుని ఖర్చులు భరించారు. మీ ఇంట్లో ఆ మేనమామ ఎవరో చూడండి. బంధువే కానక్కర్లేదు. అతను గౌరవించే టీచర్ కావచ్చు, ఆ మైకుల పని నేర్పినాయన కావచ్చు. అమ్మానాన్నలతో అనలేని మాటలు అనడానికి ఈ వయసులో ఒక పెద్దమనిషి కావాలి.

వీడ్కోలు సభ సంగతి. నలుగురిలో చదవడం ఇష్టమేనా అని ముందు అతన్ని అడగండి. వద్దంటే చేతికివ్వండి, చాలు. అరపేజీ దాటొద్దు. అక్క పేరు, సలహాలు, ‘నీ భవిష్యత్తు ఉజ్వలంగా’ లాంటివి అందులో ఉండకూడదు. మీ కంటితో చూసినవే రాయండి. ‘అందరూ వెళ్లిపోయాక కూడా వైర్లన్నీ చుట్టిపెట్టి వచ్చేవాడివి. ఆలస్యమైందని కోప్పడ్డాను గానీ, అక్కడ ఏం చేస్తున్నావో అడగలేదు. ఇప్పుడు చెబుతుంటే వింటున్నాను, నాకు సరదాగా ఉంది’ అన్న ధోరణిలో. చివర్లో, ఏ దారి పట్టినా, మధ్యలో మారినా ఇంటికొచ్చి చెప్పడానికి భయపడొద్దని రాయాలనిపిస్తే రాయండి. అయితే మీవారితో మాట్లాడి, ఇద్దరూ దానికి కట్టుబడి ఉంటామనుకుంటేనే.

తలుపేసుకోవడం గురించి కూడా చెప్పాలి. ఈ వయసులో కోపంతో తలుపేసుకుని భోజనానికి బయటికొచ్చేవాళ్ల గురించి బెంగక్కర్లేదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోవడం, స్నేహితులకు దూరమవడం, ఇష్టంగా చేసే ఆ లైట్ల పని మీద కూడా ఆసక్తి పోవడం కనిపిస్తే మాత్రం డాక్టర్‌కి గానీ కౌన్సెలర్‌కి గానీ చూపించండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా రెండు వారాలు ఆగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడకండి, అలా ఏం జరగదు. అతన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.