చెట్లు ముందు, కొలను తర్వాత

చి. లావణ్యకు ఆశీస్సులు.

ఆదివారం పిల్లల్ని కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళ్తానన్నావు. 12 మందికి మించనీయకు. పెద్దవాళ్లు ముందొకరు, వెనకొకరు ఉండాలి.

గేటు దాటగానే పిల్లలు నీళ్ల వైపే లాగుతారు. లొంగకు. ఒంటికి ఎండ తగిలితేగానీ తూనీగ రెక్క కదపదు. అలాగని మరీ ఆలస్యం చేస్తే తామర ముడుచుకుపోతుంది. 6.30కి చెట్లతో మొదలుపెట్టి 8.30కి కొలను చేరితే రెండూ దక్కుతాయి.

ఆ రెండు గంటల్లో కిలోమీటరు నడిస్తే చాలా ఎక్కువ. ఇరవై పేర్లు వల్లించే కంటే అయిదు చెట్ల దగ్గర ఆగండి. మోదుగ కనిపిస్తే ఆకులు లెక్కపెట్టించు, కాడకు మూడేసి ఉంటాయి. విస్తళ్లు కుట్టేది వాటితోనే. రేల, తంగేడు రెండూ పసుపు పూలే కాబట్టి పిల్లలు తికమకపడతారు. కాయ చూడమను: రేలది గొట్టంలా మూరెడు, తంగేడుది పలచగా బెత్తెడు.

దారి పక్కన క్యారెట్ ఆకులాంటి ఆకు, చిట్టి తెల్లపూలు ఉన్న మొక్క వయ్యారిభామ. పేరు చూసి మోసపోవద్దు. ముట్టుకుంటే కొందరికి దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. ఫుల్ చేతుల చొక్కాలు వేయించు.

కొలను దగ్గర గట్టుకు నాలుగడుగులు ఇవతలే కూర్చోబెట్టు, పాచి జారుతుంది. ఎండ పక్క నుంచి పడాలి. ఎదురుగా ఉంటే నీళ్లు మెరిసి లోపల ఏమీ కనపడదు, వెనకుంటే మీ నీడ పడి చేపలు పారిపోతాయి. మొదటి అయిదు నిమిషాలు మాటల్లేవు. తర్వాత ఆకులు చూపించు. కలువాకు అంచు నుంచి కాడ దాకా చీలి ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, కాడ నడిమధ్యన అతుక్కుంటుంది. ఊదారంగు పూలు, ఉబ్బిన కాడలు కనిపిస్తే అది గుర్రపుడెక్క. అందంగానే ఉంటుంది గానీ నీళ్లన్నీ కప్పేసి కిందకు వెలుతురు పోనివ్వదు, చేపలకు ఊపిరాడదు.

తూనీగ తోక కొసతో నీళ్లను తట్టుతుంటే తాగుతోందనుకుంటారు. కాదు, గుడ్లు పెడుతోంది. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమపిల్లల్ని తింటాయి.

బిస్కెట్లు, బ్రెడ్డు కొలను దాటాకే బయటికి తీయించు. చేపలకు వేస్తే మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి.

మీ పెద్దనాన్న