షూ సంగతి సరే, తమ్ముడి సంగతేమిటి?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. నర్సింగ్ పూర్తిచేశాను, వచ్చే నెల ఆసుపత్రిలో చేరుతున్నాను. చదువుకునే రోజుల నుంచీ నోట్‌బుక్ చివరి పేజీలో ఒక జాబితా రాసుకుంటూ వచ్చాను. మంచి స్టెతస్కోప్, కాలికి సరిపడే షూ, సెకన్ల ముల్లున్న వాచీ, డ్యూటీలో వేసుకునే నచ్చిన రంగు స్క్రబ్స్, నైట్ డ్యూటీ చేసి వచ్చాక పడుకోవడానికి మెత్తటి పరుపు. మొదటి జీతంతో వీటిలో కొన్నయినా కొనుక్కోవాలని ఆశ. అమ్మ మాత్రం జీతం చేతికి రాకముందే లెక్క వేసేసింది. తమ్ముడి కాలేజీ ఫీజు, నాన్న అప్పు, మిగిలితే ఇంటి ఖర్చు. షూ మాటెత్తితే "ఉన్నవి చాలవా?" అంటుంది. స్టెతస్కోప్ అంటే "ఆసుపత్రి వాళ్లు ఇవ్వరా?" అంటుంది. మా కోసం తను ఎంత కష్టపడిందో తెలుసు కాబట్టి గొడవ పడలేను. జీతం కాస్త తగ్గించి చెప్పి, ఆ తేడాతో కొనుక్కోమని నా స్నేహితురాలు సలహా ఇచ్చింది. అది తప్పా? ముందు ఏది కొనాలి?

జవాబు: ముందు ఏది కొనాలంటే, షూ. ఆ ప్రశ్న అయిపోయింది.

ఇప్పుడు నీ ఉత్తరం నువ్వే మళ్లీ చదువుకో అమ్మాయ్. అమ్మ ఏమందో రాశావు. నాన్న అప్పు రాశావు. స్నేహితురాలి తెలివితేటలు కూడా రాశావు. ఎవరి ఫీజు దగ్గర ఈ లెక్క మొదలైందో ఆ అబ్బాయి మాత్రం ఇందులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏం చదువుతున్నాడో, ఇంకా ఎంతకాలం చదవాలో, అక్కకి ఉద్యోగం వచ్చిందని తెలిసి ఏమన్నాడో నువ్వు రాయలేదు. వాడితో ఈ విషయం మాట్లాడావా అంటే మాట్లాడలేదనే నా అనుమానం.

అమ్మతో పేచీ వచ్చిందని నువ్వనుకుంటున్నావు. నాకలా కనపడటం లేదు. ఏ నెల ఎలా గట్టెక్కుతుందా అని ఏళ్ల తరబడి చూసిన మనిషికి, నికరంగా వచ్చే జీతం ఒకటి కనపడితే ముందే పంచిపెట్టేయాలనిపిస్తుంది. "ఉన్నవి చాలవా" అనే మాట ఆవిడ నీకంటే ముందు తనకి తాను చెప్పుకుని ఉంటుంది, ఎన్నోసార్లు. నీ మీద కోపంతో అన్న మాట కాదది. ఆవిడ అలవాటు. దాని మీద యుద్ధం ప్రకటించి ప్రయోజనం లేదు.

తమ్ముడి సంగతి వేరు. కాలేజీకి వచ్చాడంటే వాడేమీ పసివాడు కాడు. "వాడిని చదువుకోనివ్వండి, ఈ గొడవలు వాడికెందుకు" అనే మాట మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. నువ్వే అని ఉన్నా ఆశ్చర్యపోను. అందరూ దాన్ని ప్రేమ అనుకుంటారు. నేననుకోను. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు అక్క జీతం ఇంట్లోకి వస్తుందని అలవాటైపోయిన తమ్ముడికి, రేపు ఆ అక్క ఒక నెల ఇవ్వలేకపోతే కోపం వస్తుంది తప్ప, ఎందుకివ్వలేకపోయిందో అడగాలని తోచదు. ఆ అబ్బాయిని అలా తయారుచేయడంలో నీకూ వాటా ఉంటుంది.

"నీ జీతం నీది, ఇంటికి ఇవ్వనక్కర్లేదు" అని చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నా దగ్గర ఆ మాట దొరకదు. నాన్న అప్పు మన చదువుకే చేసి ఉంటే ఆ అప్పులో మనకి భాగం లేదనడం నాకు రుచించదు. ఇవ్వు. అయితే ఎంతిస్తావో నీ నోటితో నువ్వే చెప్పి ఇవ్వు. వేరేవాళ్లు లెక్కగట్టి తీసుకుంటుంటే చూస్తూ కూర్చోకు.

జీతం తగ్గించి చెప్పడం అందుకే తప్పంటున్నాను. షూ డబ్బులు మిగులుతాయి, నిజమే. కానీ "నా జీతం ఇంత, ఇంటికి ఇంత ఇస్తాను" అని తలెత్తి చెప్పే వీలు పోతుంది. కొత్త షూ గుమ్మంలో విప్పినప్పుడు ఎక్కడివంటే ఏం చెబుతావు? స్నేహితురాలు ఇచ్చిందంటావు. జీతం పెరిగిన రోజు ఇంకో అబద్ధం వెతుక్కుంటావు. పన్నెండు గంటలు నిలబడి సంపాదించుకున్న డబ్బుని దొంగ సొత్తులా దాచుకోవాల్సిన ఖర్మ నీకేం పట్టింది?

చేయాల్సింది ఇది. అమ్మ కంటే ముందు తమ్ముడి దగ్గరకి వెళ్లు. మొదటి జీతం చీటీ చేతికొచ్చాకే వెళ్లు. నెల మధ్యలో చేరితే ఆ నెల సగం జీతమే పడుతుంది, కొన్నిచోట్ల మొదటి జీతం ఆలస్యం కూడా అవుతుంది. ఊహించిన అంకెతో మాటిచ్చి ఇరుక్కోకు. వాడిని కూర్చోబెట్టి చీటీ చూపించు. "నీ ఫీజులో ఇంత నేను కడతాను, కోర్సు అయ్యేదాకా తప్పకుండా కడతాను. మిగతాదానికి దారి నువ్వు కూడా వెతకాలి" అని చెప్పు. స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా, ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారా, సెలవుల్లో చేయగలిగిన పని ఏముంది, ఇవన్నీ వాడే వెళ్లి కనుక్కోవాలి. నువ్వు కనుక్కుని చెప్పకు. మొదట మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అమ్మతో మాట్లాడండి. "అక్కకి షూ కావాలమ్మా" అనే మాట వాడి నోట వస్తే ఆవిడ వినే తీరే వేరుగా ఉంటుంది. అది అన్యాయమే, నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఈ నెల నీకు కావాల్సింది షూ.

నీ వృత్తికి పెద్దదిక్కయిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇంట్లోనూ ఇదే బాపతు రభస జరిగింది. నర్సుగా పనిచేస్తానంటే తల్లి, అక్క పార్థెనోపీ ఏళ్ల తరబడి సాధించారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి నడిపే బాధ్యత వచ్చింది, అదీ జీతం లేకుండా. అప్పుడు తండ్రి ఏడాదికి 500 పౌండ్ల చొప్పున ఆమెకి భత్యం ఏర్పాటు చేశాడు. తల్లీ అక్కా ఒక్క రోజులో మారిపోలేదు. కానీ అంకె ఖాయమయ్యాక ఆమె తన పని తాను చూసుకోగలిగింది. మీ ఇంట్లో కూడా ముందు అంకె తేలాలి, మనసుల సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

ఇక నీ జాబితా. అమ్మ దాన్ని సోకు అనుకుంటోంది, నువ్వూ కొంత అలాగే రాశావు. షూ సోకు కాదు, పనిముట్టు. సాయంత్రం పూట, కాస్త నడిచాక కొను. పొద్దుటి కంటే అప్పుడు పాదాలు ఉబ్బి ఉంటాయి, డ్యూటీలో ఉండేదీ ఆ పాదాలే. వేసుకోబోయే సాక్స్‌తోనే తొడిగి చూడు, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి. వేళ్లు పూర్తిగా కప్పేది, తడి నేల మీద జారనిది, తుడిస్తే శుభ్రపడేది తీసుకో. గాలి ఆడుతుందని జాలీ గుడ్డ షూ కొంటే రక్తం చిందినా, సూది జారి పడినా నేరుగా పాదానికే. వాటితో పాటు కంప్రెషన్ సాక్స్ ఒక జత కొను. చీలమండ దగ్గర బిగువుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ వదులవుతాయి, కాళ్లలో నిలిచిపోయే రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి నిలబడే వాళ్లకి 15 నుంచి 20 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) పీడనం ఉన్నవి సాధారణంగా సరిపోతాయి.

స్టెతస్కోప్ మధ్యరకం చాలు. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితం చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నప్పుడు మొదలైన పరికరం అది. ధర పెరిగినంత మాత్రాన వినే చెవికి తెలివి రాదు. నిన్ను గుండె జబ్బుల వార్డులో వేస్తే అప్పుడు ఖరీదైన దాని సంగతి ఆలోచించు. అంటువ్యాధి ఉన్న రోగుల దగ్గర సాధారణంగా వాళ్ల మంచం దగ్గర ఉంచినదే వాడాలి, నీది ఎలాగూ బయటే ఉంటుంది. కొన్నదాన్ని మాత్రం ఎప్పుడూ మెడలో వేలాడేసుకోకు, చర్మం జిడ్డుకి గొట్టం బిరుసెక్కి పగులుతుంది. పేరు రాసి పెట్టుకో, లేకపోతే వారం తిరక్కుండా ఎవరి జేబులోనో తేలుతుంది.

వాచీ కొనేముందు వార్డులో అడుగు. మోచేతి కింద ఏదీ ఉండకూడదనే నియమం ఉన్న చోట చేతి వాచీ పనికిరాదు, ఛాతీకి పిన్నుతో తగిలించుకునేది కావాలి. ఏదైనా సెకన్లు కనపడాలి, శ్వాస లెక్కించేటప్పుడు నిమిషమంతా చూడాల్సి వస్తుంది. స్క్రబ్స్ ఇప్పుడే కొనకు, చాలా ఆసుపత్రుల్లో విభాగాన్ని బట్టి రంగు వాళ్లే చెబుతారు. నీకు నచ్చిన రంగు అల్మరాలో పడి ఉంటుంది.

పరుపు ఆగగలదు. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునే వాళ్ల నిద్ర చెడగొట్టేవి వెలుతురూ చప్పుళ్లూ. కిటికీకి వెలుగు రాని మందపాటి పరదా, ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో, రెండూ కలిపినా పరుపంత ఖర్చు కాదు. పరదా తగిలించడానికి గోడకి మేకులు కొట్టే పని తమ్ముడికి అప్పగించు. నువ్వు నిద్రపోతున్నప్పుడు ఇంట్లో టీవీ సౌండు తగ్గించే పని కూడా వాడిదే.