రెండు ఫైళ్లు పెట్టకు

బుజ్జీ,

మధురవాడ వృద్ధాశ్రమంలో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆస్పత్రిలో కేకేస్తే డాక్టర్ వస్తాడు. అక్కడ ఆఖరి దశలో ఉన్నవాళ్లని చూసే పాలియేటివ్ టీమ్ రోజూ రాదు. మిగతా రోజుల్లో వాళ్లకి కళ్లూ చెవులూ నువ్వే.

పక్క తిప్పడం, పుండ్లు పడకుండా చూడటం నీకొచ్చు.

మందుల చార్టు సంగతే నా భయం. 2014 అక్టోబరు, హుద్‌హుద్. నేను పనిచేసే హోమ్‌లో ఒక క్యాన్సర్ తాతగారు. నాలుగు గంటలకోసారి ఒక మార్ఫిన్ మాత్ర. తుఫానుకి ముందురోజు టీమ్ వచ్చి ఒకటిన్నర చేసింది. వాళ్ల ఫైల్లో రాసుకున్నారు, ఫైలు బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయారు. పగటి సిస్టర్‌కి నోటిమాటగా చెప్పారట. మా చార్టులో పాత డోసే. మర్నాడు ఆవిడ డ్యూటీకి రాలేదు, ఎలా వస్తుంది? చెట్లన్నీ రోడ్ల మీదే. కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. పెద్దాయన మంచం పట్టీ బిగించి పట్టుకుని, "నిన్న డాక్టరమ్మ పెంచిందమ్మా, ఇంకో సగం ఇవ్వు" అంటూనే ఉన్నారు. నొప్పికి ఏదో మాట్లాడుతున్నారనుకుంది నైట్ సిస్టర్. టీమ్ కొమ్మలు దాటుకుంటూ నడిచొచ్చాక తెలిసింది, ఆయన చెప్పిందే నిజమని. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే ఒకటే ఫైలు, అది పేషెంట్ దగ్గరే. టీమ్ రాసి సంతకం పెట్టేదాకా గేటు దాటనివ్వకు, మొహమాటపడకు. ఫోన్‌లో డోసు చెప్తే తిరిగి చదివి వినిపించి, టైమ్ వేసి రాసుకో. టీమ్ ఫోన్ నంబర్లు గోడ మీద కాగితంలోనూ ఉండాలి. చాదస్తమంటావు, అను.

ఫోన్ చేసినప్పుడు "బాగోలేదు మేడమ్" అంటే వాళ్లకేం అర్థమవుతుంది? నొప్పి పదికి ఎంత, ఆఖరి డోసు ఎప్పుడు, విరేచనమై ఎన్నాళ్లయింది, చెప్పు. మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది, దానికి మందు రాయకపోతే నువ్వే అడుగు. ఇవన్నీ ముందు పక్కనుండి చూసుకునే ఆయమ్మకి తెలుస్తాయి, ఆమెని కనుక్కుని మరీ ఫోన్ చెయ్యి.

అర్ధరాత్రి ఆయాసం రాగానే కొత్త పిల్లలు 108కి చేసేస్తారు. ఐసీయూ వద్దని పేషెంట్ ముందే నిర్ణయించుకుని ఉంటే, ఆ కాగితం ఫైల్లో మొదటి పేజీగా ఉండాలి. 2023లో సుప్రీంకోర్టు సులువు చేసింది, ఆ కాగితానికి, అదే లివింగ్ విల్‌కి, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందు సంతకమైనా చాలు. అలాంటి రాత్రి ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో టీమ్ చేతే రాయించు.

ఆదివారం సీతమ్మధార రా. ఆ హోమ్ వాళ్ల ఖాళీ చార్టొకటి తీసుకురా, గళ్లు సరిపోతాయో లేదో చూస్తాను. చిక్కిపోయావట, తిండి మానేస్తే ఊరుకోను.

మీ పెద్దమ్మ