కాలనీలో సీసీ కెమెరాలకు ప్రభుత్వం డబ్బులిస్తుందా?

హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో జరిగేది ఇది: కెమెరాల ఖర్చు ఎక్కువగా మనమే చందాలు వేసుకుని భరిస్తాం. 'నేను సైతం' పేరుతో తెలంగాణ పోలీసులు ప్రోత్సహించిన పద్ధతి అదే. ఎక్కడ పెట్టాలో స్టేషన్ వాళ్లు చూసి చెప్తారు. ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధుల నుంచి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి సంఘం తరఫున ఒక అర్జీ పెట్టండి.

జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రుల సంగతి వేరు. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం వాళ్లు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు దాచి ఉంచాలి.

అసలు కష్టం పెట్టిన తర్వాతే. లెన్స్ మీద సాలెగూడు కడుతుంది, కొమ్మ అడ్డొస్తుంది, హార్డ్ డిస్క్ పాడైనా ఎవరికీ తెలీదు. తీరా దొంగతనం జరిగాక చూస్తే తెర ఖాళీ. అందుకే మొదటి రోజే మెయింటెనెన్స్‌కి నెలవారీ డబ్బు, ఒక బాధ్యుణ్ణి పెట్టుకోండి. కాలనీ గేటు దగ్గర ఒక కెమెరా మాత్రం బండి నంబర్ ప్లేటు చదవగలిగేంత కిందికి ఉండాలి. పైనుంచి తీస్తే హెల్మెట్లే కనిపిస్తాయి.