ఒడిశాలోని బరంపురం కాలనీలో సంఘం ఎందుకు? దానికి అధికారం ఏముంది?

ఊరి అంచున ఇల్లు కట్టుకున్నాం, కాలనీ సంఘంలో చేరాలా అని అడిగారు. తప్పకుండా చేరండి.

ఈ ఏర్పాటు చాలా పాతది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. నియమావళి, కార్యవర్గం ఉండాలి. పన్ను వేసే అధికారం దానికి లేదు, అది కార్పొరేషన్‌దే. సంఘం తీసుకునేది సభ్యుల చందా మాత్రమే.

మరి దేనికంటే, మన దగ్గర ముందు ప్లాట్లు పడతాయి, కాలువలూ వీధి దీపాలూ తర్వాతెప్పుడో వస్తాయి. ఒక్కరు ఇచ్చిన అర్జీ బల్ల మీదే ఉండిపోతుంది. నలభై సంతకాలతో వెళ్తే కనీసం ఇంజనీరు వచ్చి చూస్తాడు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లేవో మా సంఘం రిజిస్టర్‌లో రాసి ఉన్నాయి. తెల్లారగానే కుర్రాళ్లు బిందెలతో ముందు ఆ గుమ్మాలకే మంచినీళ్లు మోశారు. నాకు సంఘం విలువ తెలిసింది ఆ రోజే.

ఇంకో మాట. మీటింగులో తెలుగే మాట్లాడుకున్నా, అర్జీ మాత్రం ఒడియాలో రాయించండి. పక్కింటి ఒడియావాళ్లనూ కార్యవర్గంలోకి పిలవండి, కాలువ అందరిదీ కదా. చందా కట్టేముందు రిజిస్ట్రేషన్ నంబరు, పోయినేడు జమాఖర్చుల లెక్క చూపించమని అడగండి.