మొదటి ఫారం రాసే ముందు

చిన్నితల్లీ,

నువ్వు వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష నేర్చుకోవడం మొదలుపెట్టావనీ, రెండు నెలల్లో ఒక సంఘానికి సభ్యుల సైటు చేసిస్తానని మాట కూడా ఇచ్చేశావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి పడుకున్నాక ‘సభ్యుల సైటు’ అన్న మాట గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు.

పీహెచ్‌పీ పాతబడిన భాష అనేవాళ్లు ఉంటారు, పట్టించుకోకు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఆ చిన్న పనిముట్లు పెరిగి పెరిగి ఇంత భాషయ్యాయి. సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ ఇవాళ్టికీ దాని మీదే నడుస్తోంది.

ఇన్‌స్టాల్ చెయ్యడం పెద్ద పనేం కాదు. పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఫారాలు ముందు బాగా రానివ్వు. కోడ్ కాపీ కొట్టకుండా చేత్తో టైప్ చెయ్యి. ఎర్రర్ వస్తే కంగారుపడకుండా చివరిదాకా చదువు, ఫైలు పేరూ లైను నంబరూ అందులోనే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మక్కూడా ఇది పూర్తిగా తెలియదు.

2006లో నేనూ ఇలాంటి సైటే చేశాను. ఒక్కో సభ్యుడికీ ఒక నంబరు. ‘నా వివరాలు’ నొక్కితే ఆ నంబరు యూఆర్ఎల్‌లో వెళ్లేది. నేను దాన్ని తీసుకుని, ఉన్నదున్నట్టు డేటాబేస్‌ని వివరాలు అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యం చివర అతికించేదాన్ని. నంబరే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఎవరో ఆ నంబరు పక్కన ‘లేదా ఒకటి ఒకటికి సమానం’ అనే షరతు టైప్ చేశారు. అది ఎప్పుడూ నిజమే కాబట్టి డేటాబేస్ ఒక్కరి వివరాలకు బదులు అందరివీ తీసి ఇచ్చింది. పేర్లు, ఫోన్లు, చిరునామాలు. పాస్‌వర్డ్‌లు కూడా, ఎందుకంటే వాటిని మామూలు అక్షరాల్లోనే దాచాను. మర్చిపోయినవాళ్లకు చెప్పడానికి వీలుగా ఉంటుందని అలా పెట్టాను, తల్లీ.

ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. వాళ్లలో ఒక పెద్దాయన ఈమెయిలుకీ అదే పాస్‌వర్డ్ వాడేవారు. ఆ ఖాతా ఆయన చేయి దాటిపోయింది. పోయిన భార్య రాసిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ‘పర్లేదమ్మా, కావాలని చేశావా’ అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

అందుకే ఇంతలా పోరుతున్నాను. బ్రౌజర్ నుంచి వచ్చేది ఏదైనా సరే, ఎవరో ఒకరు చేత్తో మార్చి పంపగలిగిందే. జావాస్క్రిప్ట్‌తో తనిఖీ పెట్టానంటావేమో, ఆ తనిఖీ నడిచేది వాళ్ల కంప్యూటర్లో, దాన్ని వాళ్లు తప్పించుకోగలరు. పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పీడీవో నేర్చుకుని, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు తప్ప ఇంకేవీ వాడకు. వాక్యం ముందు, విలువలు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలతో వెళ్తుంది, విలువలు వేరుగా వెళ్తాయి. అప్పుడు వాళ్లు ఏం టైప్ చేసినా డేటాబేస్ దాన్ని ఆజ్ఞగా చదవదు. పాస్‌వర్డ్‌ని పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్‌తో మార్చాకే దాచు, నువ్వు కూడా చదవలేకుండా ఉండాలి. సభ్యులు రాసింది పేజీలో చూపించేటప్పుడు హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్‌లోంచి పంపు, అందులో ఎవరైనా కోడ్ రాసినా అది నడవకుండా మామూలు అక్షరాల్లా కనిపిస్తుంది. నువ్వు చూసే పాఠంలో మైఎస్‌క్యూఎల్ క్వెరీ అన్న పాత ఫంక్షన్ కనబడితే ఆ పాఠం అక్కడే మూసెయ్. దాన్ని 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. నేను నేర్చుకున్నది అలాంటి పాఠాల్లోనే.

రెండు నెలలు అన్నావుగా, సంఘం వాళ్లను నాలుగు అడుగు. సిగ్గుపడకు. అడగడానికి మొహమాటమైతే నేను మాట్లాడతాను. అర్ధరాత్రి దాకా కూర్చోకు, నిద్ర కళ్లతో రాసిన కోడ్ మర్నాడు నీకే అర్థం కాదు. చిన్నప్పుడు లెక్క తేలేదాకా పలక వదిలేదానివి కాదు, నీ పట్టుదల నాకు తెలుసు.

మొదటి ఫారం అవగానే నాకు పంపు. ఎవరి పేరూ అందులో చేరకముందే, ఆ నంబరు పక్కన నేనే ఆ షరతు టైప్ చేసి చూస్తాను.

మీ పెద్దమ్మ