ఇంగ్లండు ఫుట్‌బాల్: కొత్త అభిమానుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ప్రపంచ కప్ చూశాక ఫుట్‌బాల్ మీద ఇష్టం పుట్టింది. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టును పట్టుకుందామంటే స్నేహితులు తలా ఒక పేరు చెబుతున్నారు. ఎలా ఎంచుకోవాలి?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక్క ఆటగాణ్ణి చూసి మాత్రం ఎంచుకోకండి. ఏటా వేసవిలోనూ జనవరిలోనూ బదిలీలు జరుగుతాయి. మేలో మీరు చప్పట్లు కొట్టిన ఆటగాడు ఆగస్టులో ప్రత్యర్థి జెర్సీ వేసుకుని రావచ్చు. ఆటగాళ్లు వెళ్లిపోతారు, క్లబ్బూ ఊరూ ఉంటాయి. లివర్‌పూల్ నగరాన్నే తీసుకోండి. 1878లో పుట్టిన ఎవర్టన్ 1884 నుంచి ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఆడేది. అద్దె దగ్గర మైదానం యజమాని జాన్ హౌల్డింగ్‌తో పేచీ వచ్చి 1892లో గూడిసన్ పార్కు అనే మైదానానికి తరలిపోయింది. ఖాళీ పడిన మైదానం కోసం హౌల్డింగ్ పెట్టిన కొత్త జట్టే లివర్‌పూల్. 2025లో ఎవర్టన్ నది ఒడ్డున కట్టుకున్న కొత్త స్టేడియానికి వెళ్లేదాకా ఈ రెండు మైదానాల మధ్యా ఒక్క ఉద్యానవనమే అడ్డం. ఇది తెలిశాక ఆ రెండు జట్ల మ్యాచ్ చూడండి, బంతి లాక్కోవడానికి చేసే ప్రతి ట్యాకిల్‌కూ జనం ఎందుకు లేచి నిలబడతారో అర్థమవుతుంది.

ఇక పద్ధతి. మీకు నచ్చిన మూడు జట్లు రాసుకుని, ఒక్కోదానివి మూడేసి మ్యాచ్‌లు తొంభై నిమిషాలూ చూడండి. హైలైట్స్ చాలవు. వాటిలో గోల్స్ తప్ప ఆట ఉండదు. ఎదుటి జట్టు పదకొండుమందీ వెనక్కి తగ్గి కాపు కాస్తే మీ జట్టు దారి ఎలా వెతుకుతోంది, ఒక గోల్ వెనకబడ్డాక ఎవరిని మారుస్తోంది అన్నవి గమనించండి. వాటిలో ఒక ఓటమి కూడా ఉండాలి. ఓడినా వచ్చే వారం మళ్లీ చూడాలనిపించిన జట్టును ఎంచుకుని, సీజన్ అయ్యేదాకా మారకండి.

పెద్ద క్లబ్బే కావాలన్న నియమం లేదు. కానీ ఏటా అట్టడుగు మూడు జట్లు కింది డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌కు దిగిపోతాయని ముందే తెలుసుకోండి. బ్లాక్‌బర్న్ రోవర్స్ 1888లో ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పటి 12 క్లబ్బుల్లో ఒకటి, 1994-95లో ప్రీమియర్ లీగ్ విజేత. మన కోళ్ల రైతులందరికీ తెలిసిన వెంకీస్ 2010 నవంబరులో ఆ క్లబ్బును కొన్నది. 2012లో అది రెండో అంచెకు, 2017లో మూడో అంచెకు పడి, మరుసటి ఏడాది రెండో అంచెకు తిరిగొచ్చింది. అయినా ఆ ఊళ్లో రోవర్స్ అభిమాని రోవర్స్ అభిమానే.

ప్రశ్న: మా జట్టు ఒకే వారంలో మూడు రకాల పోటీలు ఆడుతోంది. దేని లెక్క దేనిది?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంగ్లండు పోటీల్లో లీగ్‌కు ఒక్కదానికే పాయింట్లు. 20 జట్లు, ఒక్కోదానికి 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసి చూస్తారు. అందుకే 3-0తో గెలుస్తున్నా నాలుగో గోల్ కోసం పరుగెత్తుతారు. ఎఫ్ఏ (ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం) కప్, లీగ్ కప్ ఓడితే ఇంటికే అన్న పోటీలు. ఎఫ్ఏ కప్‌లో పెద్ద జట్లు జనవరిలో, మూడో రౌండు నుంచి దిగుతాయి. యూరప్ పోటీలు మరో లెక్క. ముఖ్యంగా నిరుటి లీగ్ స్థానాన్ని బట్టి వాటికి అర్హత వస్తుంది. కప్ మ్యాచ్‌లో కుర్రాళ్లను దింపితే కంగారు పడకండి, అసలు ఆటగాళ్లకు లీగ్ కోసం విశ్రాంతి ఇస్తున్నారన్నమాట.

ప్రశ్న: నవంబరులో శనివారం ఏడున్నరకు టీవీ పెడితే మ్యాచ్ లేదు. సమయం మార్చారా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మార్చింది మ్యాచ్‌ను కాదు, గడియారాన్ని. బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి, మార్చి చివరి ఆదివారం గంట ముందుకు తిప్పుతారు. అక్కడి మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు వేసవిలో రాత్రి 7.30కి, చలికాలంలో 8.30కి మొదలవుతుంది. వారం మధ్యలో రాత్రి 8 గంటలవైతే 12.30, 1.30. తేదీ మారిపోతుంది కాబట్టి అలారం పెట్టేటప్పుడు చూసుకోండి.

ప్రశ్న: ఆఫ్‌సైడ్ ఎన్నిసార్లు విన్నా ఎక్కడం లేదు.
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలామంది పొరబాటు ఒకటే: బంతి అందుకున్న క్షణాన్ని చూస్తారు. చూడాల్సింది తోటి ఆటగాడు బంతిని తన్నిన క్షణం. ఆ క్షణాన అందుకోబోయేవాడు ఎదుటి సగంలో ఉండి, బంతి కంటేనూ, గోల్ లైన్ నుంచి లెక్కిస్తే రెండో ప్రత్యర్థి కంటేనూ ముందుంటే ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. ఆ రెండో ప్రత్యర్థి మామూలుగా చివరి డిఫెండరే, ఎందుకంటే మొదటివాడు గోల్‌కీపర్. తల, ఒళ్లు, కాళ్లు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. ఆ స్థానంలో ఊరికే నిలబడితే తప్పు కాదు, ఆటలో కలగజేసుకుంటేనే తప్పు. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు.

ప్రశ్న: లీడ్స్‌లో ఎంఎస్ చేస్తున్నాను. స్టేడియంలో ఒక్క మ్యాచ్ అయినా చూడాలి. టికెట్ ఎలా?
– ఓ విద్యార్థిని

జవాబు: చూడాల్సిందే. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో మ్యాచ్‌లు ప్రత్యక్ష ప్రసారం చేయరు. ఇక్కడ మీవాళ్లకు టీవీలో వచ్చే మ్యాచ్ అక్కడ మీకు రాదు.

ప్రీమియర్ లీగ్‌లో చాలా క్లబ్బులు ముందు సభ్యులకే టికెట్లు అమ్ముతాయి. సీజన్ మొదట్లోనే క్లబ్బు సొంత సైట్‌లో సభ్యత్వం తీసుకోండి. సభ్యత్వం ఉన్నంత మాత్రాన టికెట్ ఖాయం కాదు, పెద్ద క్లబ్బుల్లో లాటరీ తీస్తారు. రాకపోతే క్లబ్బు నడిపే రీసేల్ పేజీ చూస్తూ ఉండండి. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ సీట్లు వదులుతారు. వాట్సాప్ గ్రూపుల్లోనూ స్టేడియం బయటా కొనవద్దు. అనుమతి లేకుండా మ్యాచ్ టికెట్ తిరిగి అమ్మడం అక్కడ 1994 చట్టం ప్రకారం నేరం. డబ్బు పోయాక గేటు దగ్గర టికెట్ పనిచేయకపోతే అడిగే దిక్కుండదు. మొదటిసారికి లీగ్ కప్ తొలి రౌండ్ల మ్యాచో, కింది డివిజన్ మ్యాచో, మహిళల జట్టు మ్యాచో మేలు: టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, ధరా తక్కువ.

సీటు ఏ వైపో చూసుకోండి. ఇంటి జట్టు అభిమానుల మధ్య అతిథి జట్టు జెర్సీ వేసుకుంటే బయటికి పంపేస్తారు. అతిథి జట్టు గోల్ కొడితే ఎగిరినా అంతే. చాలాచోట్ల ఏ4 కాగితం కంటే పెద్ద సంచి రానివ్వరు. బీరు మైదానం కనబడే చోటికి తీసుకెళ్లడం నిషేధం.

పాటలు పక్కవాళ్లను వింటూ నేర్చుకోండి, అర్థం తెలియనిది పాడకండి. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది పోయారు, వారిలో 8 మంది మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిడికి 97 మంది లివర్‌పూల్ అభిమానులు బలయ్యారు. వీటిని ఎగతాళి చేసే పాటలు ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తాయి. వాటితో గొంతు కలిపితే స్టేడియం నుంచి నిషేధమే కాదు, పోలీసు కేసు కూడా కావచ్చు.